తగలబడని టోపీ

నా ఎదురుగా నిలబడి అబద్ధమాడి, దాన్ని క్షేమంగా ఇంటిదాకా మోసుకుపోయిన మనిషి మా కౌంటీలో ఇంతవరకూ పుట్టలేదు. గొప్పకి చెప్పడం లేదు. ఒకే గది, ఒకే టీచరమ్మ, ఎనిమిది తరగతులు ఉన్న పల్లెటూరి బడిలో చదివినవాణ్ణి. అక్కడ నాకు లెక్కలు అబ్బలేదు గాని, ఇంటి దగ్గర రాసుకున్న పాఠం ఆవు నమిలేసిందని చెప్పేవాడి మొహం ఎలా ఉంటుందో మాత్రం బాగా తెలిసింది. ఎక్కువసార్లు ఆ మొహం నాదే. ఆ తర్వాత షెరిఫ్ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు డిప్యూటీగా చేశాను. "ఓర్విల్ టటిల్ దగ్గర కథలు పెట్టుకోకండి, ముక్కుతో పసిగడతాడు" అని దొంగలే ఒకళ్ళకొకళ్ళు చెప్పుకునేవారు.

1996 జనవరిలో ఒక బుధవారం. చలికి మా కోళ్ళు గుడ్లు పెట్టడం వాయిదా వేసుకుని, వంటింట్లోకి వచ్చి పొయ్యి పక్కన కూర్చున్న రోజు. పొద్దున్న పదకొండయ్యేసరికి నేనూ, మా డిటెక్టివ్ గెయిల్ బ్రూనరూ ఎల్డర్‌బ్రూక్ కాలేజీ పక్క వీధిలో వెండెల్ స్ట్రాబ్ ఇంట్లో ఉన్నాం. వెండెల్ నిన్న మధ్యాహ్నం నుంచి కనబడటం లేదు. అరవై రెండేళ్ళవాడు, గుండె జబ్బు మనిషి. ఆయన మాత్రల సీసా వంటింటి బల్ల మీదే ఉండిపోయింది. భార్య లొరెట్టా దాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకుని, గుప్పిట తెరిస్తే మొగుడు పోతాడన్నట్టు కూర్చుంది.

"డాక్టరు ఏమన్నాడు?" అని అడిగింది గెయిల్.

"ఒక పూట తప్పితే ఆయాసం వస్తుందన్నాడు. రెండు పూటలు తప్పితే వెంటనే తనకి ఫోన్ చెయ్యమన్నాడు. మూడో పూట సంగతి ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు."

"ఇప్పటికి ఎన్ని తప్పాయి?"

"రాత్రిది. పొద్దుటిది."

గెయిల్ లేచి నిలబడింది. నలభై ఐదేళ్ళ మనిషి. గట్టిగా మాట్లాడదు. ఎదుటివాడు మాట్లాడుతున్నప్పుడు వాడి మొహం వదిలేసి చేతులు చూస్తుంది. నన్ను బాబాయ్ అంటుంది, నా కబుర్లు మాత్రం సగమే నమ్ముతుంది.

"ఆయన గది చూపించండి," అంది.

గది అంటే కారు షెడ్డు మీద కట్టిన పెద్ద హాలు. వెండెల్ ఆ కాలేజీలో 1951లో చేరి 1955లో బయటికొచ్చాడు. బయటికొచ్చింది ఒళ్ళు మాత్రమే. ఆ రోజుల్లో కుర్రాళ్ళు వాడినవి, పారేసినవి, దాచుకున్నవి అన్నీ నలభై ఏళ్ళుగా ఏరి తెచ్చి అక్కడ పెట్టాడు. ఏ పాటకి ఎవరితో ఆడాలో రాసుకోవడానికి చిన్న పెన్సిలు దారంతో వేలాడే డాన్సు కార్డులు, ఆటల పోటీల జెండాలు, భోజనశాల పళ్ళేలు, ఆడపిల్లల హాస్టల్లో రాత్రి పదింటికి కొట్టే గంట, ఒక చక్కెర జాడీ, అందులో రాయిలా గడ్డకట్టిన అప్పటి చక్కెర. ఇద్దరు ముగ్గురు విద్యార్థుల్ని కూడా ఉప్పులో ఊరేసి పెట్టలేదు, అదే నయం అనుకున్నాను.

గోడకి ఒక అద్దాల అలమర ఉంది. అందులో మొదటి సంవత్సరం కుర్రాళ్ళు తల మీద పెట్టుకు తిరగాల్సిన ఆకుపచ్చ చిట్టి టోపీలు, సంవత్సరానికి ఒకటి చొప్పున వరసగా ఉన్నాయి. మధ్యలో ఒక్క మేకు మాత్రం ఖాళీ. దాని కింద '55' అని, అంటే వెండెల్ బ్యాచ్ చదువు ముగించిన సంవత్సరం, రాసి ఉంది.

గెయిల్ వాటి జోలికి పోలేదు. ముందు తలుపు వెనక చూసింది.

"కోటు ఇక్కడే ఉంది."

"ఆయనకున్న మందపాటి కోటు అదొక్కటే," అంది లొరెట్టా.

"ఏం తీసుకెళ్ళారు మరి?"

లొరెట్టా చుట్టూ చూసింది. "కెమెరా లేదు. ఫ్లాష్ డబ్బా కూడా లేదు."

"మిట్టమధ్యాహ్నం మంచు ఫోటో తియ్యడానికి ఫ్లాష్ ఎందుకు?" అన్నాను.

"మంచుని తియ్యడానికి కాదు బాబాయ్," అంటూ గెయిల్ మూలనున్న సినిమా ప్రొజెక్టర్ ముసుగు ఎత్తింది. మెషీన్‌లో ఒక రీలు ఎక్కించే ఉంది. దాని పక్కన, ముసుగు మడతలో, ఒక ఆకుపచ్చ టోపీ. ముందు వైపు తెల్లదారంతో 55 అని కుట్టి ఉంది.

లొరెట్టా దాన్ని ఎప్పుడూ చూడలేదంది. గెయిల్ టోపీని రెండు వేళ్ళతో తిప్పి చూసింది. బట్ట ఎండి పెళుసుబారి, అంచు అప్పడంలా విరిగింది. కుట్లలో తెల్లటి పొడి. ఒక పక్క తుప్పు చార.

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడైంది. కాలేజీ సెక్యూరిటీ అధిపతి కర్టిస్ మాడక్ వచ్చాడు. ఒకప్పుడు స్టేట్ పోలీసుల్లో పనిచేసినవాడు. ఆ ఉద్యోగం వదిలాడు గాని, ఆ నడక వదల్లేదు.

"మేడమ్ ఇంకా ఈ పాత సామాన్ల కొట్లోనే ఉన్నారా?" అంటూ తడిసిన మఫ్లర్ ఒకటి తెచ్చి బల్ల మీద పడేశాడు. "కాలేజీ సరస్సులో మంచు పగిలినచోట దొరికింది. మీ షెరిఫ్‌కి కబురు చేశాను. మీవాళ్ళంతా అక్కడే ఉన్నారు. మీరొక్కరే రాలేదు."

లొరెట్టా మఫ్లర్ ముట్టుకుని, అక్కడే స్టూలు మీద కూలబడింది. "నేను అల్లిందే ఇది."

గెయిల్ మఫ్లర్ వైపు చూడలేదు. "కోటు అక్కడుంది చూశారా, మాడక్?"

"అయితే?"

"ఇంత చలిలో కోటు వదిలేసి, మఫ్లర్ చుట్టుకుని సరస్సుకి షికారు వెళ్ళాడంటారా?"

"మతిపోయిన ముసలాడు ఏమైనా చేస్తాడు."

"ఆయన మతికేం కాలేదు కర్టిస్," అంది లొరెట్టా. "నీ పుట్టినరోజు నీ పెళ్ళాం మర్చిపోతే ఆయన గుర్తుపెట్టుకుని కేకు పంపించాడు."

మాడక్ చెవులు ఎర్రబడ్డాయి. "ఇరవై ఏళ్ళు స్టేట్ పోలీసుల్లో చేశాను. నీళ్ళలో పడ్డవాళ్ళని ఎంతమందిని తీశానో మీకు తెలీదు."

"అంత అనుభవం పెట్టుకుని ఇక్కడ గేట్లకి తాళాలు వేసుకుంటున్నారు, పాపం," అంది గెయిల్.

"మీరు టోపీలు లెక్కపెట్టుకోండి. నాకు పనుంది. భవనాల కింద పాత ఆవిరి గొట్టాల సొరంగంలో రెండింటికి కాంక్రీటు పోస్తున్నారు. బండ్లు అడ్డంగా ఉంటాయి, కాలేజీ వైపు మీ కారు తేకండి." మెట్లు దిగుతూ నావైపు చూశాడు. "తాతా, నువ్వైనా సరస్సు దగ్గరికి వెళ్ళు. అక్కడ కాఫీ ఇస్తున్నారు."

కాఫీ మాట వినగానే నా కాలు ఒక మెట్టు దిగిందని తర్వాత గెయిల్ అందరికీ చెప్పింది. అది నిజం కాదు. రెండు మెట్లు దిగాను.

మాడక్ అటు వెళ్ళాడో లేదో, ఇటు రస్సెల్ థేయర్ వచ్చాడు. వెండెల్‌తో కలిసి చదివినవాడు, ఇప్పుడు కాలేజీ పాలకమండలిలో పెద్ద మనిషి. తెల్లజుట్టు, మెత్తటి గొంతు, చేతిలో లొరెట్టా కోసం తెచ్చిన సూప్ గిన్నె. నిన్న లొరెట్టా బజారుకి వెళ్ళిన వేళ వెండెల్‌ని ఆఖరిసారి చూసింది ఆయనేనని పక్కింటివాళ్ళు చెప్పారు. ఆయన దాచలేదు కూడా.

"పన్నెండింటికి వచ్చాను. పావుగంట కూర్చున్నాను. నవ్వుతూ సాగనంపాడు," అన్నాడు.

"ఎందుకొచ్చారు?" అంది గెయిల్.

"ఊరికే. పాత స్నేహం."

గెయిల్ టోపీ తీసి బల్ల మీద పెట్టింది. థేయర్ చేతిలోని గిన్నె మూత ఒక్కసారి టకటకలాడింది.

"ఇది... ఎక్కడిది?"

"మీరే చెప్పాలి."

ఆయన గిన్నె కింద పెట్టి, జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. తలెత్తేసరికి కళ్ళలో నీళ్ళు.

"అది నాదేనమ్మా. మా అమ్మ నలభై ఐదేళ్ళు పెట్టెలో దాచింది. వెండెల్ అలమరలో మా సంవత్సరం మేకు ఒక్కటే ఖాళీగా ఉండేది. అది చూస్తే నాకు బాధగా ఉండేది. నిన్న తెచ్చి ఇచ్చాను. చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు." జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇప్పుడు వాడే లేకపోతే... మీకు అభ్యంతరం లేకపోతే, దాన్ని నేను తీసుకెళ్తాను. వాడి గుర్తుగా ఉంటుంది."

ఎంత మంచి మనిషి అనుకున్నాను. నా ముక్కు కూడా ఎగబీల్చింది, అబద్ధం కోసం కాదు, ఏడుపొచ్చి. ఒక కాగితం సంచి వెతికి, టోపీ అందులో వేసి, ఆయన చేతికి అందించబోయాను.

"బాబాయ్, సంచి కింద పెట్టు," అంది గెయిల్. "సాయంత్రం తీసుకెళ్దురు గాని, థేయర్ గారూ."

థేయర్ ఆ సంచి వైపు ఒక్క క్షణం ఎక్కువసేపు చూసి, లొరెట్టా భుజం తట్టి వెళ్ళిపోయాడు.

"పాపం, ఆయనకి ఇచ్చేస్తే ఏం పోయేది అమ్మాయ్?" అన్నాను.

"ఇచ్చిన టోపీని మేకుకి తగిలించకుండా ప్రొజెక్టర్ కింద ఎందుకు దాస్తాడు బాబాయ్? ఖాళీ మేకు నాలుగు అడుగుల దూరంలోనే ఉందిగా. కిటికీ తెర వెయ్యి."

ప్రొజెక్టర్ ఆన్ చేసింది. గోడ మీద వెలుగు వణికింది. మాటల్లేని సినిమా. పెద్ద మంట, దాని చుట్టూ గడ్డకట్టిన నేల, కుర్రాళ్ళ వరస. ఒక్కొక్కడే ముందుకొచ్చి తల మీది టోపీ తీసి మంటలో పారేస్తున్నాడు. పక్కనే నిలబడ్డ సీనియర్ ఒకడు, పారేసినవాడి నుదుటి మీద బొగ్గుతో అడ్డంగా గీత గీస్తున్నాడు.

"ఇది మా 1951 శరదృతువు," అంది లొరెట్టా. గొంతులో ప్రాణం లేదు, కానీ చెబుతూంటే మెల్లగా వచ్చింది. "ఏటా సీనియర్లతో తాడు లాగుడు పోటీ ఉండేది. మొదటి సంవత్సరంవాళ్ళు ఓడిపోతే క్రిస్మస్ దాకా టోపీలు మొయ్యాలి. గెలిస్తే ఆ రోజే తగలబెట్టెయ్యొచ్చు. ఎప్పుడూ ఓడిపోయేవాళ్ళే. వెండెల్ బ్యాచ్ ఒక్కటే గెలిచింది. మేము హాస్టల్ కిటికీల్లోంచి, చెవులు గడ్డకడతాయి వెధవల్లారా అని అరిచాం."

"ఎవరైనా టోపీ దాచుకుంటే?"

"కుదరదు. నుదుటి మీద బొగ్గు గీత లేనివాడికి ఆ రాత్రి భోజనశాలలో అన్నం పెట్టరు. దాచుకోవాలనే బుద్ధి కూడా ఎవడికీ పుట్టదు. తగలబెట్టడమే వాళ్ళకి గొప్ప." అలమర వైపు తిరిగింది. "ఆ మేకు ఖాళీగా ఉండటం వెండెల్‌కి బాధేమీ కాదు. గర్వం. ఇంటికొచ్చిన ప్రతివాడికీ ముందు ఆ ఖాళీయే చూపిస్తాడు."

గోడ మీద ఇంకొక కుర్రాడు ముందుకొచ్చాడు. పొడుగ్గా, చెవులు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాడు. టోపీ మంటలో విసిరి, బొగ్గు గీత గీయించుకుని, కెమెరా వైపు చూసి పళ్ళికిలించాడు.

"రస్సెల్," అంది లొరెట్టా. "ఆ చెవులు ఇప్పటికీ అవే."

మొదట్లో నా ముక్కు గురించి రాసిన నాలుగు ముక్కలూ మీరు నిరభ్యంతరంగా కొట్టేసుకోవచ్చు. నలభై ఐదేళ్ళ కిందట మంటలో పారేసిన టోపీ, వాళ్ళమ్మ పెట్టెలో ఉందని చెబితే ఏడ్చి సంచిలో పెట్టి ఇవ్వబోయినవాణ్ణి. మా ఆవు నయం. అది నిజంగానే కాగితాలు నమిలేది.

"అందరూ పారేస్తే ఈ టోపీ ఎవరిది?" అంది గెయిల్. "మంట దగ్గరికి రానివాడు ఎవడు?"

లొరెట్టా మొహంలో ఉన్న కాస్త రంగూ పోయింది. "డేల్ హాస్కిన్స్. పోటీలో తాడు చివర పట్టుకున్నది అతనే. అతని బలం వల్లే గెలిచారు. సాయంత్రం మంట దగ్గరికి రాలేదు. మళ్ళీ ఎవరికీ కనబడలేదు. సైన్యంలో చేరతానని బస్సెక్కాడన్నారు."

"ఎవరన్నారు?"

"బస్సు ఎక్కించి వచ్చానని... రస్సెలే అన్నాడు."

రీలు చివర ఫట్ ఫట్ మని కొట్టుకుంటోంది. గెయిల్ ఆపలేదు. టోపీ అంచు నలిపి, వేళ్ళకంటిన తెల్లపొడి చూసింది. "పెట్టెలో పెడితే చెమ్మపడుతుంది, చిమ్మెటలు కొడతాయి. ఇది వేగింది. ఏళ్ళ తరబడి వేడిలో ఉంది. ఆలోచించండి లొరెట్టా గారూ, వెండెల్ ఈ మధ్య ఎక్కడికెళ్ళాడు?"

"ఎక్కడికీ... పోయిన శుక్రవారం ఒక్కటే. జనవరిలో చొక్కా పిండితే చెమట కారేలా వచ్చాడు. తలంతా తెల్లపొడి. నేనే తిట్టాను. గదుల్ని వెచ్చబెట్టే ఆవిరి గొట్టాలు వెళ్ళే పాత సొరంగం మూసేస్తున్నారట. మా కాలంలో తలుపులు వేశాక కుర్రాళ్ళు అందులోంచే మా హాస్టల్ కిందకి వచ్చి గోడల మీద పేర్లు చెక్కేవాళ్ళు. ఆ పేర్లన్నీ పోతాయని ఫోటోలు తియ్యడానికి..."

మాట మధ్యలో ఆగిపోయింది. ముగ్గురం ఒకేసారి తలుపు వెనక కోటు వైపు చూశాం. థేయర్ కారులో గుమ్మం ముందు ఎక్కి, ఒళ్ళు కాలిపోయే చోటికి వెళ్ళేవాడికి కోటెందుకు? ఫ్లాష్ మాత్రం కావాలి.

"టోపీ దొరికిందని వెండెల్ స్నేహితుడికే చెప్పాడు," అంది గెయిల్. "ఎక్కడ దొరికిందో చూపించమని స్నేహితుడు అడిగాడు."

కాలేజీ ఆఫీసుకి ఫోన్ చేశాం. భోజనాల వేళ, ఎవరూ ఎత్తలేదు. రేడియోలో షెరిఫ్‌ని పిలిస్తే, సరస్సు మీద మంచు కోసే రంపం చప్పుడు తప్ప మరొకటి వినబడలేదు. నేను కారు తీసేలోగా లొరెట్టా చెప్పులు కూడా లేకుండా మంచులో పరుగెత్తుకొచ్చి, మాత్రల సీసా కిటికీలోంచి నా ఒళ్ళో పడేసింది.

"మూడో పూట కానివ్వకు ఓర్విల్," అంది. ముప్ఫై ఏళ్ళుగా తెలిసిన మనిషి. నేను నవ్వించబోతే నా చొక్కా పట్టుకుని గుంజింది. "జోకులొద్దు. తీసుకురా."

రెండింటికి అన్న కాంక్రీటు ఒకటిన్నరకే మొదలైంది. ఆడపిల్లల హాస్టల్ వెనక సొరంగం మూత తీసి, బండి గొట్టం దాని మీదికి వంచి పోసేస్తున్నారు. గెయిల్ కారు ఆగకముందే దూకి, పరుగెత్తి, ఆ గొట్టం కింద కాళ్ళు పెట్టి కూర్చుంది. బూట్ల మీద బూడిదరంగు ముద్ద పడింది.

"లేవండమ్మా, గట్టిపడిపోతుంది!" అని బండివాడు అరిచాడు.

"గట్టిపడితే విగ్రహం అనుకుని ఉంచేసుకోండి. ఆపు!"

ఆపాడు. మాడక్ ఎక్కణ్ణుంచో ఊడిపడ్డాడు. "ఏమిటీ నాటకం? ఉద్యోగం పోతుంది మీకు."

"ఒకటిన్నరకే పొయ్యమన్నదెవరు?"

"మళ్ళీ మంచు పడుతుందన్నారు, నేనే చెప్పాను. పొద్దున్న ఆవిరి ఆపించింది నేనే. ఈ చివర నుంచి ఆ చివర దాకా స్వయంగా నడిచి చూసిందీ నేనే. ఎలుక కూడా లేదు."

"అయితే బాయిలర్ గదిలో ఇనుప తలుపు తియ్యడానికి మీకేం ఇబ్బంది? ఎలుక లేదని నేనూ చూసి సంతోషిస్తాను."

పదిమంది కూలీలు పని ఆపి చూస్తున్నారు. మాడక్ వాళ్ళని చూశాడు, గెయిల్‌ని చూశాడు, నడుముకున్న తాళాల గుత్తి తీశాడు. వాడికి అహంకారం ఎక్కువనుకున్నాం. అప్పటికి అంతే అనుకున్నాం.

లోపల నడుం వంచి నడవాలి. గొట్టాలు ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. గోడల నిండా పేర్లు, బాణాలు, గుండెకాయలు. గెయిల్ ముందు, నేను వెనక, నా వెనక టార్చితో మాడక్. మలుపు దగ్గర కాలికి మెత్తగా ఏదో తగిలింది. అవతలి చివర నుంచి పాకుతూ వచ్చిన కాంక్రీటు. అందులో ఒక బూటు. బూటు పైన మనిషి.

వెండెల్ గోడకి జారబడి ఉన్నాడు. ఒక కాలు ఉండకూడని వైపు తిరిగి ఉంది. పెదాలు బొగ్గులా ఉన్నాయి. గెయిల్ మెడ మీద వేలు పెట్టింది. ఎంతసేపు పెట్టిందో నాకు తెలీదు.

"ఉన్నాడు," అంది.

నాలిక కింద మాత్ర పెట్టింది. రేడియో అక్కడ పలకలేదు. "అంబులెన్స్‌కి పైనుంచి చెప్పాలి. బాబాయ్, ఈయన్ని వదలకు," అని వంగి పరుగెత్తింది. ఆమె అడుగుల చప్పుడు దూరమైంది.

వెండెల్ కళ్ళు తెరిచాడు. నన్ను గుర్తుపట్టాడు. "ఓర్విల్, నువ్వొచ్చావా? అయితే ఊళ్ళో దొంగలందరికీ ఇవాళ సెలవన్నమాట," అన్నాడు.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. ఈ కథలో తక్కినదంతా జరిగినట్టే రాశాను, ఆ మాట మాత్రం నేను కల్పించాను. లొరెట్టాకి కూడా అలాగే చెప్పాను, మీ ఆయన జోకేశాడని. వెండెల్ ఏమీ అనలేదు. నోట్లో తడి లేదు. నా చెయ్యి పట్టుకున్నాడు, నా భుజం మీదుగా వెనకనున్న వెలుగు వైపు చూశాడు, చూసి నా చెయ్యి వదిలేశాడు. విరిగిన కాలు ఈడ్చుకుంటూ, చప్పుడు చెయ్యకుండా, ఆ కాంక్రీటు బురదలోకే వెనక్కి పాకడం మొదలుపెట్టాడు.

టార్చి, పొద్దున్న ఇదంతా నడిచి చూశాను, ఎలుక కూడా లేదన్న మాడక్ చేతిలో ఉంది. వాడు దాన్ని ఆర్పేశాడు.